ఇన్ని పుస్తకాలు చదివినా నిద్ర మాత్రం పట్టడం లేదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడేళ్ల బాబు ఉన్నాడు. ఏడాదిన్నర క్రితం నాన్న గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు నిద్ర పాడైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఇక పట్టదు. తిండి సయించడం లేదు. బోర్డు మీద లెక్క సగం చేసి, తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోతున్నాను. ఎవరికీ చెప్పుకోలేక పుస్తకాలు పట్టుకున్నాను. వ్యక్తిత్వ వికాసంతో మొదలుపెట్టి ఇంగ్లీషు సెల్ఫ్ హెల్ప్, ట్రామా (మనసుకు తగిలిన గాయం), అటాచ్‌మెంట్ (చిన్నప్పటి అనుబంధాలు), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) దాకా దొరికినవన్నీ చదివాను. ఏది చదివినా నాలుగు రోజులు హుషారుగా ఉంటుంది, తర్వాత మామూలే. పొద్దున ఐదింటికి లేచి 21 రోజులు చేయమన్నవి వారం కూడా చేయలేకపోయాను. అద్దం ముందు నిలబడి 'నేను ధైర్యవంతురాలిని' అనుకుంటే ఏడుపొస్తోంది. చదివినదాన్ని బట్టి నాకున్నది ఏడీహెచ్‌డీ అని, చిన్నప్పుడు అమ్మ మార్కుల కోసం కొట్టి చదివించినందువల్ల ట్రామా కూడా ఉందని అర్థమైంది. దసరాకి సత్తుపల్లి వెళ్లినప్పుడు అమ్మతో 'నువ్వు టాక్సిక్' (విషం లాంటి మనిషివి) అనేశాను. ఆ మాటకు అర్థం తెలియకపోయినా నేను తిట్టానని మాత్రం అమ్మకు తెలిసింది. అప్పటినుంచి ఫోన్ చేస్తే బాబుతో మాట్లాడి పెట్టేస్తోంది. మా ఆయన మంచివాడే కానీ, 'ఈ పుస్తకాలే నిన్ను పాడుచేశాయి, అన్నీ అటకెక్కించు' అంటాడు. ఒక్కోసారి నేను లేకపోతేనే వీళ్లందరూ హాయిగా ఉంటారేమో అనిపిస్తుంది. పుస్తకాలు మానేయాలా? వాటిలో ఉన్నవన్నీ అబద్ధాలేనా? ఇంకా మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: టీచర్ గారూ, పుస్తకాల సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ప్రశ్నలకు ముందు, ఏదో మాటవరసకు అన్నట్టు, నేను లేకపోతేనే వీళ్లందరూ హాయిగా ఉంటారేమో అని ఒక వాక్యం రాశారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా, ఎప్పుడు అన్నదాకా వెళ్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అడిగేవాళ్లు దొరకక లోపలే పెట్టుకున్న మనిషికి ఎవరో ఒకరు అడగడమే పెద్ద ఊరట. అవును, అంతదాకా వెళ్తోంది అంటే ఈ సమాధానంలో మిగతాది ఎప్పుడైనా చదువుకోవచ్చు. ముందు ఆ వాక్యాన్ని మీ ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఇవాళే చెప్పండి, మిమ్మల్ని ఒంటరిగా వదలొద్దని అడగండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు కూడా చేయొచ్చు.

అబ్బే అంత లేదు, ఊరికే అలా అనిపిస్తుందంతే అంటారా? అయినా సరే, ఈ వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. డిప్రెషన్ ఉందేమో చూడటానికి చాలా దేశాల్లో డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నాపత్రం ఒకటి ఉంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. అందులో ఉండేవి తొమ్మిదే ప్రశ్నలు, గత రెండు వారాల్లో మీకు ఎన్ని రోజులు ఇలా ఉంది అని అడుగుతాయి. నిద్ర గురించి ఒకటి, ఆకలి గురించి ఒకటి, దేనిమీదా మనసు నిలవకపోవడం గురించి ఒకటి, నేను దేనికీ పనికిరాను అనిపించడం గురించి ఒకటి. ఆఖరిది, తొమ్మిదోది, సరిగ్గా మీరు రాసిన ఆ వాక్యం గురించే. మీ ఉత్తరంలో ఇవన్నీ ఉన్నాయి, పైగా రెండు వారాల నుంచి కాదు, ఏడాది దాటింది. నేను సైకియాట్రిస్టుని కాదు, ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాల్సిన మనిషి చూడాలి అని మాత్రం గట్టిగా చెప్పగలను.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందోనన్న భయం వల్లే చాలామంది పుస్తకాల దగ్గర ఆగిపోతారు కాబట్టి అది కూడా చెబుతాను. మన దగ్గర సైకియాట్రిస్టు అనగానే ఎర్రగడ్డ గుర్తొస్తుంది, అటు విశాఖ వైపు వాళ్లకు చినవాల్తేరు. ఊళ్ల పేర్లే తిట్లుగా మారిపోయాయి, ఆ తిట్ల వల్ల ఎంతమంది ఇళ్లలోనే ఉండిపోయారో. నిజానికి జరిగేది చాలా మామూలు వ్యవహారం. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మిగతా ఓపీల్లాగే చీటీ రాయించుకుని కూర్చోవడమే. ఎన్నాళ్ల నుంచి, ఎన్ని గంటలు పడుకుంటున్నారు, బరువు తగ్గారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుతారు. రక్త పరీక్షలు కూడా రాస్తారు, రాయకపోతే మీరే అడగండి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బీ12 తక్కువైనా నీరసం, దిగులు, మతిమరుపు అన్నీ వస్తాయి. ఎన్ని పుస్తకాలు చదివినా ఈ మూడింట్లో ఏ ఒక్కటీ బయటపడదు. మందులు రాస్తే, అవి పనిచేయడం మొదలుపెట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే 'ఏం తేడా లేదు' అని ఆపేయకండి, కాస్త బాగుండగానే చెప్పకుండా ఆపేయకండి. మాటలతో చేసే చికిత్స కావాలంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. లైఫ్ కోచ్ అని, మైండ్ ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర ఏ చదువూ అక్కర్లేదు.

ఇప్పుడు పుస్తకాలు. అబద్ధాలేనా అన్నారు. కావు, అన్నీ కావు. మీ ఆయన కోపం నాకు అర్థమైంది గానీ, ఆయన తీర్పుతో నేను ఏకీభవించను. పుస్తకం చదివి డిప్రెషన్ నుంచి తేరుకున్నవాళ్లు ఉన్నారు, దాన్ని పరిశోధన చేసి చూశారు కూడా. 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు, దిగులుగా ఉన్న మనిషి ఆలోచనలు ఒక పద్ధతిలో వంకర తిరుగుతాయని, వాటిని కాగితం మీద పెట్టి పరీక్షించడం నేర్పితే దిగులు తగ్గుతుందని చూపించాడు. ఆయన దగ్గర ఆ పద్ధతి నేర్చుకున్న డేవిడ్ బర్న్స్ 1980లో దాన్ని మామూలు పాఠకుల కోసం 'ఫీలింగ్ గుడ్' అని పుస్తకంగా రాశాడు. తర్వాత ఫారెస్ట్ స్కోగిన్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లూ ఆ పుస్తకాన్ని డిప్రెషన్ ఉన్నవాళ్ల చేతికిచ్చి నాలుగు వారాల్లో చదవమన్నారు. చదివినవాళ్లకు, వంతు కోసం ఎదురుచూస్తూ ఉన్నవాళ్లకన్నా బాగా తగ్గింది. బ్రిటన్‌లో అయితే కార్డిఫ్‌లో నీల్ ఫ్రూడ్ అనే సైకాలజిస్టు 2003లోనే, డాక్టరు చీటీ మీద పుస్తకం పేరు రాస్తే లైబ్రరీకి వెళ్లి తెచ్చుకునే ఏర్పాటు పెట్టించాడు. 2013 నుంచి ఇంగ్లండ్ అంతటా అలాంటి పథకం నడుస్తోంది.

ఇది విని మీరు ఆ పుస్తకం కొనడానికి పరిగెత్తకండి, ఎందుకంటే ఆ పరిశోధనల్లో అసలు కిటుకు పుస్తకం పేరులో లేదు. వాళ్లకు ఇచ్చింది ఒకే ఒక్క పుస్తకం. అందులో రాసి చేయాల్సిన అభ్యాసాలున్నాయి. ఎంతవరకు చదివారు అని వారానికోసారి ఒక మనిషి ఫోన్ చేసి అడిగేవాడు, కొద్ది నిమిషాల పాటు, అంతే. అందులో చేరినవాళ్లు కూడా మరీ తీవ్రమైన స్థితిలో ఉన్నవాళ్లు కాదు. మీరు చేసింది దీనికి పూర్తిగా ఉల్టా. పదుల కొద్దీ పుస్తకాలు, ఏ ఒక్కదాంట్లోనూ అభ్యాసం చివరిదాకా చేయలేదు, అడిగే మనిషి లేడు, పైగా ఏడాది దాటిన నిద్రలేమితో, అన్నం దిగని స్థితిలో. లెక్కల టీచరుకు నేను చెప్పాలా, గైడులో చేసిపెట్టిన లెక్కలు వరసగా చదువుకుంటూ పోతే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంటేనే కదా తెలిసేది. చదివిన నాలుగు రోజులు మీకు వచ్చే హుషారు ఆ 'వచ్చేసినట్టు' ఉండటమే. అది తగ్గగానే ఇంకో పుస్తకం తెరుస్తున్నారు.

ఇంకోటి. మన తెలుగులో వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చేవి ఎక్కువగా విజయం గురించిన పుస్తకాలు. ఆరోగ్యంగా ఉండి, కాస్త బద్ధకంగానో భయంగానో ఉన్న కుర్రవాడికి ఇంటర్వ్యూ ముందు, పోటీ పరీక్షల ముందు అవి మంచి ఊపునిస్తాయి, దాన్ని నేను తక్కువ చేయను. ఎంతమందికి చదివే అలవాటు నేర్పినవి అవి. కానీ ఏడాదిగా మూడింటికి మెలకువ వచ్చే మనిషి చేతిలో అదే పుస్తకం పెడితే, 'అనుకుంటే సాధించలేనిది లేదు' అన్న ప్రతి పేజీ ఆమెకు 'నువ్వు అనుకోవడం లేదు కాబట్టే ఇలా ఉన్నావు' అని వినిపిస్తుంది. జబ్బుకు తోడు అపరాధ భావం. మానసిక ఆరోగ్యం గురించి నిదానంగా, నిజాయితీగా, ఇంట్లోవాళ్లకు కూడా అర్థమయ్యేలా రాసిన తెలుగు పుస్తకాలు ఇంకా చాలా రావాలి. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ 21 రోజుల సంగతి కూడా తేల్చేస్తాను, ఎందుకంటే దానివల్ల మీరు మిమ్మల్ని అనవసరంగా తిట్టుకుంటున్నారు. ఆ అంకె వెనక పరిశోధనేమీ లేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో, ఆపరేషన్ తర్వాత రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని తాను గమనించినట్టు రాశాడు. చేతులు మారి మారి అందులో 'కనీసం' ఎగిరిపోయింది, ముఖం సంగతి కూడా ఎగిరిపోయింది, ఏ అలవాటైనా 21 రోజులే అని స్థిరపడిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పెట్టి చూస్తే ఒక చిన్న అలవాటు దానంతటది జరిగేలా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అవి కూడా భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం లాంటి చిన్న చిన్న పనులు. రాత్రి నాలుగు గంటలు కూడా నిద్రలేని మీరు ఐదింటికి లేచి వ్యాయామం వారం కూడా చేయలేకపోయారంటే అందులో మీ తప్పు ఏముంది?

అద్దం ముందు ఏడుపు రావడం కూడా అంతే. 2009లో కెనడాలో జోయన్ వుడ్ అనే సైకాలజిస్టు బృందం సరిగ్గా దాన్నే పరీక్షించింది. 'నేను ప్రేమించదగిన మనిషిని' అని పదే పదే అనుకోమంటే, తమ మీద తమకు ముందే గౌరవం ఉన్నవాళ్లకు కొద్దిగా బాగుందనిపించింది, లేనివాళ్లకు ఇంకా అధ్వానంగా అనిపించింది. ఎందుకంటే ఆ మాట అనగానే లోపలినుంచి 'కాదు' అని జవాబు వస్తుంది, ఎన్నిసార్లంటే అన్నిసార్లు. అంటే ఆ చిట్కా ఎవరికి అవసరమో వాళ్లకే చెడు చేస్తోంది. మానేయండి. పుస్తకంలో 'పరిశోధనల్లో తేలింది' అని ఉండగానే తల ఊపేయకండి కూడా. 2015లో కొన్ని వందల మంది పరిశోధకులు కలిసి పేరున్న పత్రికల్లో వచ్చిన 100 సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మొదటి ఫలితాన్నిచ్చాయి. సైకాలజీ అంతా బూటకమని కాదు, తన లెక్కను తానే సరిచూసుకుని తప్పులు బయటపెట్టుకునే ధైర్యం ఆ శాస్త్రానికి ఉంది. పాత ఫలితం మీద రాసిన పుస్తకం మాత్రం దుకాణంలో అలాగే అమ్ముడవుతూ ఉంటుంది.

ఇక నాకు ఏడీహెచ్‌డీ అని అర్థమైంది అన్నారు కదా, అక్కడికి వద్దాం. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ఆయన తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ 'ఇదిగో నీ వ్యక్తిత్వం' అని కాగితం ఇచ్చాడు. మీతో ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులేయమంటే సగటున నాలుగు పైనే వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. ఆదివారం పేపర్లో వార ఫలాలు చదివేవాళ్లకు ఈ అనుభవం కొత్తేమీ కాదు. 'మీరు మొదలుపెట్టిన పనులు మధ్యలో వదిలేస్తారా? మాట్లాడుతుంటే మనసు ఎటో వెళ్తుందా?' అని పుస్తకం అడిగితే, నిద్రలేని మనిషి, దిగులుగా ఉన్న మనిషి, థైరాయిడ్ ఉన్న మనిషి, తండ్రి పోయిన మనిషి అందరూ అవుననే అంటారు. అసలు ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే ఆ లక్షణాలు పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి. మీకు బోర్డు మీద లెక్క మర్చిపోవడం నాన్నగారు పోయిన తర్వాత నుంచే. ఉందో లేదో డాక్టరు తేలుస్తారు, మీ చిన్ననాటి సంగతులు, స్కూలు సంగతులు అడిగి తేలుస్తారు. చిన్నప్పుడు కూడా ఇలా ఉండేదని మీకు గుర్తుంటే అది కూడా చెప్పండి. జబ్బు పేరు పెట్టే పని మాత్రం పుస్తకానికి అప్పజెప్పకండి.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాక నాకు తట్టిన విషయం ఇది. అందులో ట్రామా ఉంది, అటాచ్‌మెంట్ ఉంది, అమ్మ ఉంది, ఆయన ఉన్నాడు. నాన్నగారి గురించి ఒక్క వాక్యం. గుండెపోటుతో పోయారు, అయిపోయింది. ఆయన ఎలాంటి మనిషి, ఆ రోజు మీరెక్కడున్నారు, వెళ్లేసరికి ఉన్నారా, లెక్కలు మీకు ఆయనే నేర్పారా, ఏమీ లేదు. మీ నిద్ర పాడైంది ఆ తర్వాతే అని మీరే రాశారు, అయినా మీరు చదివిన పుస్తకాలు మిమ్మల్ని పాతికేళ్లు వెనక్కి తీసుకెళ్లి అమ్మ కొట్టిన దెబ్బల దగ్గర దింపాయి, ఏడాదిన్నర కిందటి చావును దాటించేశాయి. ఆ దెబ్బలు తప్పే, పిల్లల్ని మార్కుల కోసం కొట్టడం ఎవరు చేసినా తప్పే, మీకు నొప్పి కలగడం నిజం. కానీ ఇప్పుడు మీకు అన్నం ఎందుకు దిగడం లేదో వెతుకుతున్నప్పుడు ముందు చూడాల్సింది దగ్గరలో ఉన్న దెబ్బ కాదా? పెద్దకర్మ అయ్యేదాకా ఇంటినిండా మనుషులుంటారు, ఆ తర్వాత ఎవరిదారి వాళ్లది, పెళ్లయిన ఆడపిల్ల సెలవు అయిపోగానే తన ఇంటికి, తన స్కూలుకి వచ్చేయాలి. మీరు ఏడ్చింది ఎంతసేపో, ఎవరి దగ్గరో నాకు తెలియదు. డాక్టరుకు మీరు చెప్పాల్సిన మొదటి సంగతి మాత్రం ఇదే అని నా ఉద్దేశం.

పుస్తకాలు మానేయాలా అంటే, ఓ రెండు నెలలు కొత్తవి కొనకండి. ఉన్నవాటిలోంచి ఒక్కటి తీసుకోండి. ఎలా ఎంచాలంటే, రాసినవాళ్లు మనుషులకు చికిత్స చేసే చదువు చదివి, ఆ పని చేసినవాళ్లై ఉండాలి. ఈ పుస్తకం ఎవరికి సరిపోదు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి అని అందులో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అన్ని బాధలకూ ఒకే కారణం చెప్పే పుస్తకాన్ని, అది బాల్యమైనా, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అయినా, ఫోన్ అయినా, పక్కన పెట్టేయండి. పెన్ను పట్టుకుని చేయాల్సిన పని ఉండాలి. డాక్టరుకు చూపించి, ఇది చేయొచ్చా అని అడగండి. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం ఈ పుస్తకాలేవీ ముట్టుకోకండి. ఆ వేళ ఏది చదివినా చీకటిగానే కనిపిస్తుంది. లేచి వేరే గదిలో కూర్చుని, లైటు తక్కువ పెట్టుకుని బట్టలు మడతపెట్టండి, నిద్ర ముంచుకొస్తే వెళ్లి పడుకోండి.

పెన్ను పట్టుకుని చేయడమంటే ఏమిటో ఒకటి చూపిస్తాను. మీ స్కూల్లోనే జరిగినట్టు అనుకుందాం. మంగళవారం మూడో పీరియడ్, తొమ్మిదో తరగతి. ప్రిన్సిపాల్ వచ్చి తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయారు. నోటు పుస్తకంలో జరిగింది అంతే రాయాలి, మీ వ్యాఖ్యానం లేకుండా. కింద, అప్పుడు మనసులో మెదిలిన మాట: 'నాకు చెప్పడం రావట్లేదని ఆవిడకు తెలిసిపోయింది, తీసేస్తారు.' దాన్ని ఎంత నమ్మారు? నూటికి 90. ఎలా అనిపించింది? భయం, 80. ఇప్పుడు ఆ మాటకు సాక్ష్యం ఏముంది: ఆ రోజు ఒక లెక్కలో తడబడ్డాను. వ్యతిరేక సాక్ష్యం: ఆవిడ అదే పూట పక్క క్లాసు దగ్గరా నిలబడ్డారు, పోయిన నెల పదో తరగతి స్పెషల్ క్లాసులు నాకే ఇచ్చారు, నన్ను పిలిచి ఏమీ అనలేదు. మరి ఇంకోలా ఎలా చెప్పొచ్చు: 'రౌండ్లకు వచ్చి ఉంటారు. నేను తడబడింది నిజమే, అది నిద్ర లేక.' ఇప్పుడు భయం ఎంత? బహుశా 50. సున్నా కాదు, సున్నా అవ్వాలని కూడా లేదు. 'నేను ధైర్యవంతురాలిని' అనడానికీ దీనికీ తేడా చూశారా, ఇక్కడ మిమ్మల్ని మీరు పొగుడుకోవడం లేదు, లెక్క సరిచూసుకుంటున్నారు. అది మీకు వచ్చిన విద్యే. రోజుకు ఒకటి చాలు. దీంతో పాటు, చేయాలనిపించినా అనిపించకపోయినా రోజూ ఒక చిన్న పని వేళ పెట్టుకుని చేయండి, సాయంత్రం ఆరింటికి బాబుతో వీధి చివరిదాకా నడిచి రావడం లాంటిది. మనసు బాగుంటే చేద్దాం అని కూర్చుంటే దిగులులో ఉన్నవాళ్లకు ఆ రోజు రాదు, పని చేసిన తర్వాత మనసు కాస్త కదులుతుంది.

వారానికోసారి అడిగే మనిషి కావాలన్నాను. మీ ఆయనను అడగండి. అటకెక్కించు అన్న మనిషికి ఈ సమాధానం చదివి వినిపించండి, ఆదివారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుని, ఈ వారం నోట్సులో ఎన్ని రాశావు, మందు వేసుకున్నావా, ఎన్ని గంటలు పడుకున్నావు అని అడిగితే చాలని చెప్పండి. సలహాలు ఇవ్వక్కర్లేదు. మంచివాడే అని మీరు రాశారు కాబట్టి చేస్తాడనే అనుకుంటున్నాను. మొదటిసారి డాక్టరు దగ్గరికి కూడా ఆయన్ను తోడు తీసుకెళ్లండి.

మిగిలింది అమ్మ. టాక్సిక్, నార్సిసిస్ట్ (తానే లోకమనుకునే మనిషి), గ్యాస్‌లైటింగ్ (నీ బుద్ధినే నువ్వు అనుమానించేలా చేయడం), ఈ మాటలు కొందరికి నిజంగా ప్రాణం కాపాడాయి. రోజూ కొట్టే భర్త దగ్గర, డబ్బూ ఫోనూ అన్నీ గుప్పిట్లో పెట్టుకున్న అత్తింట్లో ఉన్న ఆడపిల్లకు, ఇది నా తప్పు కాదు, దీనికో పేరుంది అని తెలియడం మొదటి మెట్టు. అలాంటి చోట దూరం జరగడమే సరి, నేనూ అదే చెబుతాను. కానీ అవతలి మనిషిని ఒక్కసారైనా చూడని రచయిత రాసిన జాబితాతో టిక్కులు పెట్టుకుని సొంత మనుషుల మీద తీర్పు ఇచ్చేయడం వేరు. మీ అమ్మ ఈ రోజు మిమ్మల్ని కొట్టడం లేదు, డబ్బులు లాక్కోవడం లేదు. ఆవిడ భర్త పోయి ఏడాదిన్నర. మీరు పోగొట్టుకున్న మనిషినే ఆవిడా పోగొట్టుకుంది, ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్కతే ఉందో, ఎవరైనా తోడున్నారో మీరు రాయలేదు.

డాక్టరుకు చూపించుకుని, కాస్త నిద్ర పట్టాక సత్తుపల్లి వెళ్లండి. ఫోన్లో వద్దు, మనిషి వెళ్లాలి. పుస్తకంలోని మాట ఒక్కటి కూడా వాడకండి. 'అమ్మా, దసరాకి నేనన్న మాట తప్పు. నాకు ఏడాది నుంచి నిద్ర లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను' అని చెప్పండి. చిన్నప్పటి దెబ్బల గురించి మాట్లాడాలని ఉంటే అది కూడా మాట్లాడొచ్చు, అదే రోజు కాకపోయినా, 'నువ్వు కొట్టినప్పుడు నాకు చాలా భయమేసేది' అని మామూలు తెలుగులో. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, 'మీ బాగు కోసమే కదే' అనొచ్చు, అప్పటికి అక్కడ వదిలేయండి. నాన్న గురించి అడగండి. చివరి రోజుల్లో ఏం మాట్లాడేవారు, ఆ పొద్దున ఏం తిన్నారు, ఆయన చొక్కాలు ఎవరికిచ్చారు. ఆవిడ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోతే మీరూ వెనకే వెళ్లి కూరగాయలు తరగండి. ఆ రోజు పలకకపోతే మళ్లీ రెండు వారాలకు వెళ్లండి. డాక్టరు ఏమన్నారో, పరీక్షల్లో ఏమొచ్చిందో నాకు రాయండి, పుస్తకం పేరు అప్పుడు అడిగితే చెబుతాను.